‘ఇన్‌ఫెక్షన్ వచ్చింది’ అంటే సరిపోదు

(నవజాత శిశువుల ఐసీయూల్లో పనిచేసే నర్సులు, జూనియర్ డాక్టర్ల శిక్షణ తరగతిలో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళు కొందరున్నారని తెలుసు. మధ్యలో కునుకు పట్టినా నేనేమీ అనుకోను.

చేతులు శుభ్రం చేసుకోవడం గురించి మీరంతా బోలెడు క్లాసులు వినే ఉంటారు. ఇవాళ నేను మాట్లాడేది దాని తర్వాతి సంగతి. ఎంత జాగ్రత్తపడ్డా, లేదా మనం జాగ్రత్తపడకపోవడం వల్లే, మన దగ్గరున్న పసిబిడ్డకు ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆ మాట తల్లిదండ్రులకు ఎప్పుడు చెప్పాలి, ఏమని చెప్పాలి?

ఇప్పుడు మనం ఏమంటున్నాం? “బాబుకి ఇన్‌ఫెక్షన్ వచ్చిందమ్మా.” ఈ ‘వచ్చింది’ భలే మాట. తెలుగులో జ్వరం వస్తుంది, వాన వస్తుంది, నిద్ర వస్తుంది. ఎక్కడి నుంచి, ఎవరి వల్ల అన్నది ఆ మాటలో ఉండదు. ఇంటికి చుట్టం వస్తే ఎక్కడి నుంచి రావడం అని అడుగుతాం, ఇన్‌ఫెక్షన్‌కి ఆ ప్రశ్న కూడా పడదు. మనకు అదే సుఖం. నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఏమీ చెప్పనట్టూ ఉంటుంది. నేను చాలా ఏళ్ళు ఆ మాట చాటున దాక్కున్నాను.

అలా దాక్కున్న రోజుల్లో జరిగింది ఒకటి చెప్తాను. ఏ ఆసుపత్రి అన్నది వద్దు. ముప్పై వారాలకే పుట్టిన పాప. తల్లి మూడు గంటలకోసారి పాలు పిండి, చిన్న గిన్నెలో పట్టుకొచ్చి ఇచ్చేది. తొమ్మిదో రోజున పాప ఒళ్ళు చల్లబడింది, ఊపిరి మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. రక్తంలో క్లెబ్సియెల్లా అనే క్రిమి పెరిగింది. పెద్ద రక్తనాళం లోపలి దాకా వేసిన గొట్టం, అదే సెంట్రల్ లైన్, దాని నుంచే పాకిందని డాక్టర్లు తేల్చారు. రౌండ్స్‌లో ఆ తల్లి పక్కనే నిలబడి ఉండగా అంతా ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. కేస్ షీట్‌లో రాశాం. తల్లితో మాత్రం “ఇన్‌ఫెక్షన్ వచ్చిందమ్మా, మందు మార్చాం” అన్నాం. ఆమె ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి అర్థమైందనుకున్నాం.

మందు పనిచేసింది, పాప తేరుకుంది. కానీ తల్లి పాలు తేవడం రోజురోజుకీ తగ్గిపోయింది. పాపను ముట్టుకోమన్నా దూరంగా నిలబడేది. నేను విసుక్కున్నాను కూడా, “ఏంటమ్మా, పాలు ఎందుకు తగ్గించేశారు?” అని. పదకొండు రోజుల తర్వాత, ఇంకెవరూ లేనప్పుడు చెప్పింది. పాపకు బాగాలేకుండా పోయిన ముందు రోజు చేతులకి శానిటైజర్ రాసుకోవడం మరిచిపోయి పాప కాలు ముట్టుకుందట. “నా వల్లే కదా సిస్టర్” అంది.

ఎక్కడి నుంచి వచ్చిందో మనం చెప్పలేదు. ఆ ఖాళీలో ఆమె తనను పెట్టుకుంది. ఇది ఆ ఒక్క తల్లి సంగతి కాదు. తర్వాత నేను అడగడం మొదలుపెట్టాక ఎంతమంది చెప్పారో! నా పాలు పడలేదా, నాకు జ్వరం ఉండింది కదా దాని వల్లనా, నెలలు నిండకుండా కన్నాను కాబట్టేనా. తండ్రుల దారి వేరు. వాళ్ళు ఎవరో ఒకరి మీద అనుమానం పెంచుకుంటారు. చాలాసార్లు ఆ అనుమానం తప్పు మనిషి మీద పడుతుంది.

సరే, మనం ఎందుకు చెప్పం? నిజాయితీగా ఒప్పుకుందాం. గొడవ అవుతుందని. కేసు వేస్తారని. పైవాళ్ళు తిడతారని. వీటిలో కేసు భయం గురించి ఒక్క విషయం. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రులు 2001 నుంచి ఒక పద్ధతి మొదలుపెట్టాయి. చికిత్సలో నష్టం జరిగితే దాచకుండా చెప్పడం, తమ తప్పుంటే ఒప్పుకుని పరిహారం తామే ఇవ్వడం. కోర్టు కేసులు కుప్పలు తెప్పలుగా పెరుగుతాయని చాలామంది అనుకున్నారు. 2010లో వచ్చిన లెక్కల్లో కేసులు తగ్గాయి. ఇంగ్లాండ్‌లో 2014లో దీన్ని ఏకంగా చట్టంలోనే పెట్టారు. నష్టం జరిగితే దాచకుండా చెప్పడం, క్షమాపణ అడగడం అక్కడ ఆసుపత్రుల బాధ్యత. గొడవలు అసలుండవని నేననను. కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ బిల్లు కట్టే చోట పక్కవాళ్ళు చెప్తే తెలిసినప్పుడు వచ్చే కోపం వేరు, మన నోటితో విన్నప్పుడు వచ్చే కోపం వేరు.

ఇంకో సాకు ఉంది, అది సగం నిజం. “ఇక్కడే సోకిందని గ్యారంటీ ఏంటి?” అంటారు. మీకు తెలిసిన లెక్కే: పుట్టిన 72 గంటల లోపు బయటపడితే ఎక్కువగా తల్లి నుంచి, కాన్పు సమయంలో సోకిందనుకుంటాం. పుట్టినప్పటి నుంచి మన దగ్గరే ఉన్న బిడ్డకు ఆ తర్వాత బయటపడితే ఆసుపత్రిలో సోకినట్టు లెక్క. ఈ గీత మనం గీసుకున్నది, క్రిమికి ఆ గడియారం తెలియదు. కాన్పు గదిలోనే మన చేతుల నుంచో, పరికరం నుంచో సోకినది రెండో రోజే బయటపడొచ్చు. తల్లి నుంచి వచ్చిన క్రిమి కొన్నిసార్లు రెండు మూడు వారాలకు జబ్బు చేయొచ్చు. కాబట్టి సందేహం ఉంటే సందేహంగానే చెప్పండి. “ఇది ఇక్కడే సోకి ఉండే అవకాశం ఎక్కువమ్మా. నూటికి నూరుపాళ్ళు ఇదే అని రుజువు చూపించలేను.” ఇంతే. ఈ రెండు వాక్యాలు పలకడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది, మీకు అంత పట్టకూడదని చెప్తున్నాను.

అలాగే “ఇది తప్పదండీ, నెలలు నిండని పిల్లలకు మామూలే” అనే మాట ఆచితూచి వాడండి. సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్లు తప్పవనే ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లూ అనుకున్నారు. 2004లో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఐదు మామూలు పనులు పట్టుబట్టి చేశాయి. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు ఒంటి నిండా స్టెరైల్, అంటే క్రిముల్లేని గుడ్డ కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో తుడవడం, తొడ దగ్గర లైన్ వీలైనంత వరకు వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. కొన్ని నెలల్లోనే సగానికి పైగా ఐసీయూల్లో ఆ ఇన్‌ఫెక్షన్లు సున్నాకు చేరాయి. అవి దాదాపు అన్నీ పెద్దవాళ్ళ ఐసీయూలు. మన దగ్గర 800 గ్రాముల బిడ్డకు అన్నీ అలాగే కుదరవు, క్లోర్‌హెక్సిడిన్ లేత చర్మాన్ని కాల్చే ప్రమాదం కూడా ఉంది. అయినా ‘తప్పదు’ అన్న మాటలో ఎంత భాగం నిజం, ఎంత భాగం మన బద్ధకం అని నన్ను నేను అడుగుతుంటాను.

ఇక్కడ ఒక పాత కథ. డాక్టర్ సెమ్మెల్‌వైస్ పేరు మీరంతా పరీక్షలకు బట్టీ పట్టినదే. 1847, వియన్నా ఆసుపత్రి, పురిటి జ్వరం, సున్నంతో చేసిన క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు, చావులు తగ్గాయి. పుస్తకంలో అంతవరకే ఉంటుంది. నాకు నచ్చేది దానికి ముందు సంగతి. ఆ ఆసుపత్రిలో రెండు కాన్పు వార్డులు. ఒకటి డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసేది, ఇంకోటి మంత్రసానులు చూసేది. డాక్టర్ల వార్డులో వేయొద్దని గర్భిణులు మోకాళ్ళ మీద పడి బతిమాలేవాళ్ళని ఆయనే రాశాడు. డాక్టర్లు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులకు వస్తున్నారని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఏ వార్డు నుంచి ఎంతమంది తిరిగి వస్తున్నారో చూసి తెలుసుకున్నారు. మన కారిడార్‌లో కూర్చునే తల్లులూ అంతే. మనం నోరు విప్పకపోతే వాళ్ళకు తెలియదనుకోవడం మన భ్రమ.

కాబట్టి నేను చెప్పేది, ఇన్‌ఫెక్షన్ వచ్చాక మొదలుపెట్టకండి. చేర్చుకున్న రోజే మొదలుపెట్టండి. మొదటి రోజు ఎక్కువగా తండ్రే ఉంటాడు, ఆయనకు అప్పుడు ఏదీ చెవికెక్కదు. తల్లికి ఆపరేషన్ అయి వేరే వార్డులో ఉంటుంది. అందుకని తల్లి వచ్చిన రోజున మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. “మీ ఆయనకి చెప్పామమ్మా” అంటే చెప్పినట్టు కాదు.

నేను చెప్పే తీరు ఇది. మీ మాటల్లోకి మార్చుకోండి. “అమ్మా, బిడ్డకు క్రిమితో పోరాడే శక్తి చాలావరకు మీ రక్తంలో నుంచి మాయ ద్వారా అందుతుంది. అది ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లో. మీ బాబు ముందే వచ్చేశాడు కాబట్టి ఆ సాయం పూర్తిగా అందలేదు. చర్మం కూడా ఇంకా పలచగా ఉంది. అది గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. బతికించడానికి గొట్టాలు, సూదులు వేయక తప్పదు. మందు వెళ్ళే ఆ దారిలోనే క్రిమి కూడా వెళ్ళగలదు. అందుకని రోజూ పొద్దున్నే ఈ గొట్టం ఇంకా కావాలా అని చూసుకుంటాం, అక్కర్లేదంటే ఆ పూటే తీసేస్తాం. ఇంత చేసినా ఇక్కడ ఉన్నన్ని రోజులు ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది. అనుమానం వస్తే ఆ నిమిషమే మీకు చెప్తాం.” ఆఖరి వాక్యం మాట ఇవ్వడం. ఇచ్చాక నిలబెట్టుకోవాలి.

చాలా చోట్ల గోడ మీద రాస్తారు, ‘మా సిబ్బందిని చేతులు కడుక్కున్నారా అని అడగండి’ అని. మంచిదే. ఎవరైనా అడగగా చూశారా? నేను ఒక్కసారి చూశాను, ఆమె కూడా నర్సే. తన బిడ్డ ప్రాణం మన చేతుల్లో ఉన్న తల్లి మన చేతులు శుభ్రమేనా అని ఎలా అడుగుతుంది? అడగకముందే మనమే పైకి అనాలి. “శానిటైజర్ రాసుకున్నానమ్మా, ఇప్పుడు ముట్టుకుంటున్నాను.” ఆ ఇరవై, ముప్పై సెకన్లూ ఆమె కళ్ళముందే రాసుకోండి. మీరు మరిచిపోయినప్పుడు ఆమె “సిస్టర్...” అని ఆగిపోతుంది. అది చాలు. కసురుకుంటే మాత్రం ఆ వార్డులో ఇక ఎవరూ నోరెత్తరు. తల్లిదండ్రులకూ అదే చెప్పండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి మోచేతి దాకా కడుక్కోవడం. ఇక ఫోన్. బిడ్డ ఫొటో తీసుకుని ఆ చేత్తోనే బిడ్డను ముట్టుకుంటారు. వద్దని అరవకండి, ఆ ఫొటో ఇంట్లో ఉన్నవాళ్ళకు ఎంత ధైర్యమో! ఫొటో అయ్యాక మళ్ళీ రాసుకోమనండి.

ఇప్పుడు లక్షణాలు. వీటిని పాంప్లెట్‌లో వేసి చేతిలో పెట్టడం కంటే బిడ్డ పక్కన నిలబడి చూపించాలి. పాలు తాగే బిడ్డ తాగకపోవడం, ఎప్పటికన్నా మందకొడిగా పడి ఉండడం, పొట్ట ఉబ్బడం, డొక్కలు ఎగరేయడం, ఊపిరి ఆగి ఆగి తీయడం, రంగు మారడం. ఒకటి ప్రత్యేకంగా చెప్పండి. ఇన్‌ఫెక్షన్ అంటే ఒళ్ళు కాలిపోతుందనే అందరూ అనుకుంటారు. నెలలు నిండని బిడ్డకు ఎక్కువసార్లు ఒళ్ళు చల్లబడుతుంది. ఇంటికి వెళ్ళాక ఇది తెలియకపోతే “జ్వరం లేదు కదా” అని ఊరుకుంటారు.

తల్లి “వీడు నిన్నటిలా లేడు సిస్టర్” అంటే మానిటర్ వైపు చూసి “అంతా నార్మలే” అనేయకండి. మనకు పన్నెండు మంది పిల్లలు, ఆమెకు ఒక్కడే. మానిటర్ కంటే ముందు ఆమె కనిపెట్టిన సందర్భాలు నా లెక్కలో చాలా ఉన్నాయి.

అనుమానం వచ్చింది, రక్తం తీశారు. తల్లిదండ్రులకు చెప్పాల్సిన సమయం అదే. రిపోర్టు వచ్చాక చెప్దాంలే అంటారు. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్షలో, ఏదైనా పెరిగేది ఎక్కువగా 36 నుంచి 48 గంటల లోపు. ఆ రెండు రోజులూ బిడ్డకు కొత్త సెలైన్, కొత్త మందు కనిపిస్తూనే ఉంటాయి. ఏమైందని అడిగితే “ఏం లేదు, టెన్షన్ పడకండి” అంటాం. ఆ మాట విన్నాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. “ఇన్‌ఫెక్షనేమో అని అనుమానం. ఒక మిల్లీలీటర్ రక్తం తీసి పరీక్షకు పంపాం. రిపోర్టు కోసం ఆగితే ఆలస్యమవుతుంది కాబట్టి యాంటీబయాటిక్ ఇప్పుడే మొదలుపెట్టాం. ఏమీ పెరగకపోతే, బిడ్డ బాగుంటే ఆపేస్తాం.” ఈ ఆఖరి ముక్క మరిచిపోతే, మందు ఆపిన రోజు “డబ్బులు కట్టలేమని ఆపేశారా?” అని అడుగుతారు. నన్ను అడిగారు. కల్చర్‌లో ఏమీ రాకపోయినా ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్ నిజంగానే ఉండొచ్చు, మందు కొనసాగించాల్సి రావచ్చు అని కూడా అప్పుడే చెప్పాలి.

రిపోర్టులో క్రిమి తేలింది. కారిడార్‌లో, తలుపు సగం తెరిచి చెప్పకండి. కూర్చోబెట్టి, మీరూ కూర్చుని, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి. క్రిమి పేరు కాగితం మీద తెలుగులో రాసివ్వండి. వాళ్ళు బయటికెళ్ళి పది మందికి చెప్పుకోవాలి, పేరే తెలియకపోతే ఏం చెప్పుకుంటారు? ‘సెప్సిస్’ అని ఊరుకోవద్దు, ‘రక్తంలో క్రిమి చేరింది’ అనండి. మెదడు పొరలకు పాకిందేమో చూడడానికి వెన్నులోంచి నీరు తీయాల్సి వస్తే అది అప్పుడే చెప్పండి. మందు ఎన్ని రోజులో కూడా. మామూలుగా వారం నుంచి రెండు వారాలు, మెదడు పొరలకు పాకితే మూడు వారాల దాకా. ఇక ఎక్కడి నుంచి అన్నది. “బొడ్డు దగ్గర వేసిన లైన్ నుంచి సోకిందని అనుకుంటున్నాం. ఆ లైన్ తీసేశాం.” మళ్ళీ ఎన్ని గంటలకు వచ్చి మాట్లాడతారో టైమ్ చెప్పండి. ఆ టైమ్‌కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్ళండి.

క్షమాపణ మాట. ‘సారీ’ అనకండి. కాలు తొక్కితే సారీ, ఫోన్ ఎత్తకపోతే సారీ, అది అరిగిపోయింది. అన్నీ సరిగ్గా చేసినా సోకితే “మా దగ్గర ఉండగా మీ బిడ్డకు ఇలా జరిగింది, మాకు చాలా బాధగా ఉంది” అనండి. మన లోపం ఉందని తేలితే ‘బాధగా ఉంది’ సరిపోదు. “ఇది మా పొరపాటు, క్షమించండి” అని పెద్ద డాక్టర్ గారే అనాలి. ఆ పని నర్సు మీదకు తోసేయకూడదు. ఇక్కడ కూర్చున్న డాక్టర్లు నోట్ చేసుకోండి. ఒక నర్సు పేరు చెప్పి చేతులు దులుపుకోవడం కూడా ఒప్పుకోలు కాదు. ఒకరు చేతులు కడుక్కోకపోతే అది ఆమె తప్పే. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరి మీద పడిన రాత్రి అలా జరిగితే ఆ తప్పు ఇంకా పైకి వెళ్తుంది.

ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురికి ఒకే క్రిమి వస్తే మిగతా తల్లిదండ్రులందరికీ చెప్పాల్సిందే. ఏ బిడ్డ అన్నది చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు. పడకలు జరుపుతుంటే, మనం కొత్తగా గౌన్లు వేసుకుంటుంటే వాళ్ళు చూడరా? 2011 చివర, 2012 మొదట్లో ఉత్తర ఐర్లండ్‌లో శిశు విభాగాల్లో సూడోమోనాస్ అనే క్రిమి సోకి నలుగురు పిల్లలు చనిపోయారు. వెతికితే అది కుళాయిల్లో ఉంది. ఐసీయూలో పిల్లల్ని స్టెరైల్ నీళ్ళతోనే శుభ్రం చేయాలని ఆ విచారణ తర్వాత చెప్పారు. చేతులు కడుక్కోవడానికి పెట్టిన కుళాయే దారి అవుతుందని ఎవరనుకుంటారు! ఇలాంటిది మన దగ్గర బయటపడితే మనకంటే ముందు వేరేవాళ్ళు చెప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇన్‌ఫెక్షన్ అనగానే మనం చేసే ఇంకో పని, తల్లిని బయట నిలబెట్టడం. బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ కేర్ ఎక్కడ పుట్టిందో తెలుసు కదా? 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో. ఇంక్యుబేటర్లు చాలక ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టేవాళ్ళు, ఒకరి నుంచి ఒకరికి ఇన్‌ఫెక్షన్ పాకేది. డాక్టర్ ఎడ్గర్ రే పిల్లల్ని తల్లుల గుండెలకు కట్టించాడు. 2021లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలకు పుట్టగానే కంగారూ కేర్ మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఇన్‌ఫెక్షన్లూ తగ్గాయి. తల్లి ఒంటి మీద ఉండే క్రిములు బిడ్డకు చుట్టాల్లాంటివి, మన వార్డు క్రిములు కావు. ముర్రుపాలు, తల్లిపాలు సరేసరి. పొడిపాలు స్టెరైల్ కావని, కలపాల్సి వస్తే కనీసం 70 డిగ్రీల వేడి నీళ్ళతో కలిపి, చల్లార్చి పట్టాలని ఇంటికి పంపేటప్పుడు చెప్పండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక నర్సు: “డాక్టర్ గారు వచ్చేదాకా ఏమీ చెప్పొద్దంటారు మేడమ్. రాత్రి రెండు గంటలకు తండ్రి వచ్చి అడిగితే మేమేం చెప్పాలి?”)

తెలియదని మాత్రం అనకండి. మీకు తెలుసని మీ మొహమే చెప్తుంది. మీరు చూసింది, చేసింది చెప్పండి. “ఒంటిగంటకు రెండుసార్లు ఊపిరి ఆగింది. డాక్టర్ చూశారు, రక్తం పంపాం, మందు మొదలుపెట్టాం. ఎందుకు, ఎక్కడి నుంచి అన్నది పొద్దున డాక్టర్ గారు చెప్తారు, అప్పుడు నేనూ పక్కన ఉంటాను.” డ్యూటీ దిగే టైమ్ అయినా ఆ పది నిమిషాలు ఉండండి. ఇందులో మీరు దాటిన హద్దు ఏమీ లేదు.

(ఇంకొకరు: “ఇందాక చెప్పిన ఆ తల్లికి చివరికి చెప్పారా?”)

చెప్పాను. కేస్ షీట్ తీసి, సెంట్రల్ లైన్ గురించి రాసిన వాక్యం మీద వేలు పెట్టి చదివి వినిపించాను. పాప కాలు ముట్టుకుంటే ఇది రాదమ్మా, మేం వేసిన గొట్టం నుంచి వచ్చింది అన్నాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. “ఈ మాట ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా సిస్టర్” అంది. నా దగ్గర జవాబు లేదు. గిన్నె తెచ్చివ్వమంటారా అని అడిగాను. అప్పటికి పాలు దాదాపు ఎండిపోయాయి. ఆ పూట గంటసేపు కూర్చుంటే సిరంజిలోకి మూడు మిల్లీలీటర్లు వచ్చాయి.